కాపీ వంద శాతం అయిందంటుంది, టీవీలో పెడితే వీడియో సగమే. మధ్యలో ఎక్కడ ఆగుతోంది?

పాలకొల్లు_స్టూడియో
మాది పెళ్లిళ్ల ఫొటో, వీడియో స్టూడియో. ఎడిటింగ్ అంతా విండోస్ మీదే. కస్టమర్లు తెచ్చే పెన్ డ్రైవుల్లో వైరస్‌లు ఎక్కువని, కాపీ చేసి ఇవ్వడానికి మాత్రం వేరే కంప్యూటర్ పెట్టి అందులో లైనక్స్ వేయించాం. 16 జీబీ ర్యామ్ ఉంది. 12 జీబీ పెళ్లి వీడియో కాపీ పెడితే మొదటి రెండు మూడు జీబీలు రెప్పపాటులో అయిపోతాయి, తర్వాత నత్తనడక. రెండు జీబీల రిసెప్షన్ హైలైట్స్ లాంటి చిన్న ఫైలైతే పెట్టగానే వంద శాతం చూపించేస్తుంది. కస్టమర్ పెన్ డ్రైవ్ తీసుకుని వెళ్లిపోతాడు. సాయంత్రానికి ఫోన్: "టీవీలో పెడితే తాళి కట్టే ముందే ఆగిపోయిందండి" అని.

అయిపోయిందని కంప్యూటరే చెప్పాక అవ్వకపోవడం ఏంటి? మధ్యలో బఫర్ అని ఒకటి ఉంటుందట, దాన్ని తీసేసి డిస్క్‌కి నేరుగా రాయించే దారి ఉందని ఎవరో చెప్పారు. అది ఎలా పెట్టాలి? ముహూర్తాలు మొదలయ్యాయి, కౌంటర్ దగ్గర రోజూ టెన్షనే.

భీమవరం_బీటెక్
ఎజెక్ట్ కొట్టాకే తీస్తున్నారా, అలాగే లాగేస్తున్నారా?

పాలకొల్లు_స్టూడియో
కౌంటర్లో కుర్రాడు ఎజెక్ట్ కొడతాడు. అది తిరుగుతూనే ఉంటుంది. అవతల బస్సు టైమైందని కస్టమర్ తొందర. "కాపీ అయిపోయిందిగా" అని ఆయనే లాగేస్తాడు.

కెర్నల్_కబుర్లు
అలా తిరుగుతున్నప్పుడు జరిగేదే అసలు రాత. ముందు చూపించిన వంద శాతం ర్యామ్‌లోకి చేరిన లెక్క.

జరిగేది ఇది. కాపీ ప్రోగ్రామ్ "ఈ డేటా రాయి" అని కెర్నల్‌కి, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌కి, ఇస్తుంది. కెర్నల్ దాన్ని 4 కేబీ పేజీలుగా ర్యామ్‌లో పెట్టుకుని, ఆ పేజీల మీద డర్టీ (ఇంకా డిస్క్‌కి చేరలేదు) అని గుర్తు వేసి, వెంటనే "సరే, రాశాను" అని జవాబిస్తుంది. పెన్ డ్రైవ్‌కి అప్పటికి ఒక్క బైటు కూడా వెళ్లి ఉండకపోవచ్చు. ఆ ర్యామ్ భాగాన్నే పేజ్ క్యాష్ అంటాం. తర్వాత ఫ్లషర్ అనే కెర్నల్ పనివాళ్లు లేచి డర్టీ పేజీలను డిస్క్‌కి పంపుతారు. మామూలు సెట్టింగుల్లో వాళ్లు 5 సెకన్లకోసారి లేస్తారు, 30 సెకన్లకి పైగా పాతబడ్డ పేజీలను తీసుకెళ్తారు.

వయసుతో పాటు పరిమాణానికీ రెండు హద్దులున్నాయి. డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో 10 శాతం: డర్టీ పేజీలు అంత చేరగానే, వయసుతో పని లేకుండా వెనకాల రాత మొదలవుతుంది. డర్టీ రేషియో 20 శాతం: దాని దగ్గరికి వచ్చేసరికి రాస్తున్న ప్రోగ్రామ్‌నే ఆపి, డిస్క్ ఎంత వేగంగా మింగగలదో అంత వేగానికి దించుతుంది. ఈ శాతాలు ఖాళీగా ఉన్న ర్యామ్, ఖాళీ చేయగలిగిన ర్యామ్ కలిపిన మొత్తం మీద. మీ 16 జీబీలో అది 14, 15 జీబీలు అనుకోండి, 20 శాతం అంటే దాదాపు 3 జీబీ. మీరు చూసిన "మొదటి రెండు మూడు జీబీలు రెప్పపాటులో" ఇదే. పెన్ డ్రైవ్ సెకనుకి 10 ఎంబీ రాస్తుందనుకుంటే ఆ 3 జీబీ నిజంగా దిగడానికి 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు. ఈలోపు ఎవరు లాగినా మిగతాది ర్యామ్‌లోనే ఉండిపోతుంది.

కళ్లతో చూడాలంటే కాపీ పెట్టి, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) ప్రాక్ ఫోల్డర్ కింద మెమ్‌ఇన్ఫో ఫైల్ తెరిచి డర్టీ, రైట్‌బ్యాక్ అన్న రెండు వరుసలు చూడండి. అవి సున్నా దగ్గరకి వచ్చేదాకా పని అవ్వలేదు.

వశిష్ఠ_గట్టు
నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కేవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. టికెట్ చేతికి రాగానే అవతలి గట్టు చేరినట్టు కాదు కదా. పంటు నిండాలి, లేదా టైము అవ్వాలి, అప్పుడు కదులుతుంది. ఒక్కొక్కరికీ ఒక్కో ట్రిప్పు వేస్తే రోజుకి ఎంతమంది దాటగలరు? కెర్నల్ చేసేదీ అదే. ఇక్కడ కంప్యూటర్ టికెట్ ఇచ్చి "చేరారు" అని అనౌన్స్ చేస్తోంది, మనం నమ్ముతున్నాం.

అమలాపురం_అల్లుడు
బైకులు ముందెక్కాలా మనుషులు ముందెక్కాలా అన్న గొడవ డిస్క్ పనుల వరుస నిర్ణయించే ఐవో షెడ్యూలర్ చూసుకుంటుందన్నమాట 😄

వశిష్ఠ_గట్టు
@అమలాపురం_అల్లుడు అవును, నిజంగానే. దగ్గర దగ్గర బ్లాకులను కలిపి ఒకే రాతగా పంపడం కూడా ఆ దారిలోనే జరుగుతుంది.

తణుకు_మిల్లు
నాకు ఈ తెలివితేటలు అక్కర్లేదనిపిస్తుంది. రాయమంటే రాయాలి, రాశాక చెప్పాలి, అంతే. పెన్ డ్రైవ్‌ని సింక్ ఆప్షన్‌తో మౌంట్ చేసేయండి, అంటే సిస్టమ్‌కి కలిపేయండి. ప్రతి రాతా నేరుగా వెళ్తుంది. మా రైస్ మిల్లులో వే బ్రిడ్జి కంప్యూటర్‌కి ఇలాగే పెట్టించాలని చూస్తున్నా. కరెంటు పోయినప్పుడల్లా ఆఖరి రెండు మూడు లారీల తూకాలు మాయమవుతున్నాయి.

కెర్నల్_కబుర్లు
@తణుకు_మిల్లు పెన్ డ్రైవ్‌కి ఆ సలహా వద్దండి. అవి ఎక్కువగా ఫ్యాట్ 32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఫైళ్లను డిస్క్ మీద అమర్చే పద్ధతిలో, ఉంటాయి. ఫైల్ పెరిగే కొద్దీ ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికను మారుస్తూ ఉండాలి. సింక్‌తో మౌంట్ చేస్తే ఆ పట్టికలో అదే చోటు మళ్లీ మళ్లీ రాయాలి. ఫ్లాష్ మెమరీకి రాతల లెక్క పరిమితం. ఇలా చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుందని మౌంట్ కమాండ్ మాన్యువల్లోనే హెచ్చరిక ఉంది. వేగం సంగతి సరేసరి. 12 జీబీ వీడియోకి కస్టమర్ భోజనం చేసి వచ్చినా అవ్వదు.

తణుకు_మిల్లు
వేగం పోయినా పర్లేదు అంటున్నా కదా. డేటా పోతే ఎవరిస్తారు? లారీ డ్రైవర్ దగ్గర స్లిప్పు ఉంటుంది, మా దగ్గర ఎంట్రీ ఉండదు. రైతు ముందు మాట పోతుంది.

కెర్నల్_కబుర్లు
మీ బాధ న్యాయమే, మీ కేసు వేరు. దానికి మందు వేరే ఉంది, డేటాబేస్ తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

స్టూడియో గారికి రెండు పనులు. మొదటిది, డర్టీ బైట్స్ అనే సెట్టింగ్. శాతాలకి బదులు నేరుగా బైట్లలో హద్దు పెట్టొచ్చు. డర్టీ బైట్స్ 48 ఎంబీ, డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ 16 ఎంబీ పెట్టండి. ఇవి పెడితే శాతాల సెట్టింగ్ దానంతట అదే పక్కకి పోతుంది, రెండిట్లో ఒకటే పనిచేస్తుంది. అప్పుడు కాపీ బార్ పెన్ డ్రైవ్ వేగానికి దగ్గరగా నడుస్తుంది, చివర్లో మిగిలేది కొద్ది సెకన్ల రాతే. రెండోది, కాపీ తర్వాత, ర్యామ్‌లో మిగిలింది దింపే సింక్ కమాండ్‌ని డ్యాష్ ఎఫ్‌తో పెన్ డ్రైవ్ ఫోల్డర్ మీద నడిపించండి. అది తిరిగొచ్చాకే "అయింది" అని చెప్పే చిన్న స్క్రిప్టు కుర్రాడికి రాసివ్వండి. ఎజెక్ట్ మాత్రం ఎలాగూ కొట్టాలి.

రాజమండ్రి_రికవరీ
@కెర్నల్_కబుర్లు డర్టీ బైట్స్ సలహా బాగుంది కానీ ఒక మాట చేర్చాలి. అది మిషన్ మొత్తానికి పడుతుంది, పెన్ డ్రైవ్ ఒక్కదానికే కాదు. ఎడిటింగ్ చేసే మిషన్‌లో పెడితే లోపలి డిస్క్ రాతలూ ఇరుకున పడతాయి. కాపీకే వాడే పీసీ కాబట్టి ఇక్కడ పర్లేదు.

కెర్నల్_కబుర్లు
ఒప్పుకుంటా. కాపీ పీసీ అన్నారనే చెప్పాను.

భీమవరం_బీటెక్
మా ల్యాబులో ఒకటి గమనించాం. డేటాను ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ కమాండ్‌తో డిస్క్ మొదటి ఒక జీబీ చదివితే మొదటిసారి సెకనుకి నూట చిల్లర ఎంబీ వచ్చింది. వెంటనే మళ్లీ అదే చదివితే జీబీల్లో చూపించింది. మేము చదివింది ఫైల్ కాదు, పరికరాలు కనిపించే డెవ్ ఫోల్డర్ కింద ఉన్న డిస్క్‌నే. అంటే డిస్క్‌ని నేరుగా తెరిచినా క్యాష్ మధ్యలో ఉన్నట్టేగా? మరి "రా (పచ్చి, అంటే సూటి) డిస్క్ యాక్సెస్" అని పుస్తకాల్లో రాసేది ఏంటి?

కెర్నల్_కబుర్లు
@భీమవరం_బీటెక్ మంచి పరిశీలన. లైనక్స్‌లో డెవ్ కింద కనిపించే డిస్క్ బ్లాక్ డివైస్, అంటే బ్లాకులుగా చదివే, రాసే పరికరం. దాన్ని తెరిస్తే ఫైల్ సిస్టమ్‌ని తప్పించుకుంటారు, పేజ్ క్యాష్‌ని తప్పించుకోరు. రెండూ వేరువేరు పొరలు. రెండోదాన్ని కూడా తప్పించాలంటే ఓ_డైరెక్ట్ అనే జెండాతో (ఆప్షన్‌తో) తెరవాలి. డీడీలో చదవడానికి ఐఫ్లాగ్ డైరెక్ట్, రాయడానికి ఓఫ్లాగ్ డైరెక్ట్. మీ ప్రయోగం ఐఫ్లాగ్ డైరెక్ట్‌తో మళ్లీ చేయండి, రెండుసార్లూ డిస్క్ అసలు వేగమే వస్తుంది.

పాత యూనిక్స్‌లో ఒకే డిస్క్‌కి రెండు ముఖాలు ఉండేవి. బ్లాక్ డివైస్ తెరిస్తే బఫర్ క్యాష్ గుండా, క్యారెక్టర్ డివైస్ తెరిస్తే సూటిగా. సూటిగా వెళ్లేదాని పేరు ముందు ఆర్ అక్షరం ఉండేది. బఫర్లో ఉన్నవి డిస్క్‌కి దించడానికి అప్‌డేట్ అనే ప్రోగ్రామ్ 30 సెకన్లకోసారి సింక్ పిలిచేది. ఇవాళ్టి 30 సెకన్ల హద్దు చూస్తే ఆ పాత అలవాటే గుర్తొస్తుంది.

ఆచంట_మ్యాక్
మ్యాక్‌లో ఆ రెండు ముఖాలు ఇప్పటికీ ఉన్నాయి. పెన్ డ్రైవ్ డిస్క్ 2గా కనిపిస్తే, పక్కనే ఆర్‌డిస్క్ 2 అని ఉంటుంది. ఎస్‌డీ కార్డుకి ఇమేజ్ (డిస్క్ మొత్తం కాపీ) రాసేటప్పుడు డీడీకి డిస్క్ 2 ఇస్తే కాలం గడిచిపోతుంది, ఆర్‌డిస్క్ 2 ఇస్తే చాలా రెట్లు వేగం. ముందు డిస్క్‌యుటిల్ కమాండ్‌తో అన్‌మౌంట్ చేయడం మాత్రం తప్పనిసరి.

భీమవరం_బీటెక్
@ఆచంట_మ్యాక్ క్యాష్ లేకపోతే నెమ్మదించాలి కదా? ఇక్కడ వేగం ఎలా పెరిగింది?

ఆచంట_మ్యాక్
బఫర్ దారిలో పెద్ద రాత కూడా చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి వెళ్తుంది, పైగా ప్రతి ముక్కా ఒకసారి అదనంగా కాపీ అవుతుంది. ఆర్‌డిస్క్‌కి 4 ఎంబీ బ్లాక్ సైజు ఇస్తే పెద్ద ముక్కలుగా సూటిగా వెళ్తుంది. ఒక్కసారే మొదటినుంచి చివరిదాకా రాసే పనికి క్యాష్ వల్ల వచ్చే లాభమేమీ లేదు, భారం మాత్రం ఉంది.

డీబీఏ_ఉండి
ఆలస్యంగా చూశాను. మా ఊరి పేరు ఉండి, డేటాబేస్‌లు చూసే ఉద్యోగం హైదరాబాద్‌లో. ఈ విషయం మీద చాలా ఏళ్లు గడిచాయి కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా.

రా డిస్క్ అన్న మాట డేటాబేస్ వాళ్ల దగ్గరే ఎక్కువ వినిపించేది. ఒరాకిల్ డేటాబేస్‌ని ఫైల్ సిస్టమ్ లేకుండా నేరుగా రా పార్టిషన్ల (డిస్క్ భాగాల) మీద పెట్టేవాళ్లం. కారణం సులువు. ఏ బ్లాక్ ర్యామ్‌లో ఉంచాలి, ఏది వదలాలి అన్నది డేటాబేస్‌కి కెర్నల్ కన్నా బాగా తెలుసు. దానికి సొంత బఫర్ ఉంది. మధ్యలో కెర్నల్ కూడా అదే బ్లాక్‌ని పెట్టుకుంటే ఒకే డేటా ర్యామ్‌లో రెండు చోట్ల, ప్రాసెసర్‌కి ఒక కాపీ పని ఎక్కువ. కానీ రా పార్టిషన్ల నిర్వహణ నరకం. ఫైల్ పేర్లు ఉండవు, సైజు పెంచాలంటే తలనొప్పి, బ్యాకప్ మామూలు కమాండ్లతో అవ్వదు. ఏ పార్టిషన్‌లో ఏముందో కాగితం మీద రాసి గోడకి అంటించుకునేవాళ్లం. ఒరాకిల్ 10జీ వెర్షన్‌తో, డిస్కులను తనే చూసుకునే ఏఎస్ఎం వచ్చాక ఆ గొడవ తగ్గింది.

లైనక్స్‌లో మొదట రా అనే ప్రత్యేక డ్రైవర్ ఉండేది, బ్లాక్ డివైస్‌ని దానికి కట్టి వాడేవాళ్లం. 2001లో 2.4.10 కెర్నల్‌తో ఓ_డైరెక్ట్ వచ్చింది. మామూలు ఫైల్ మీద కూడా క్యాష్‌ని తప్పించుకోవచ్చు, ఫైల్ సిస్టమ్ సౌకర్యాలూ పోవు. దాంతో రా డ్రైవర్ అవసరం తీరింది, 2021లో 5.14 కెర్నల్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు.

ఓ_డైరెక్ట్‌కి షరతులున్నాయి. మీ మెమరీ చిరునామా, రాసే పొడవు, ఫైల్‌లో చోటు, మూడూ డిస్క్ సెక్టార్ (డిస్క్ చదివే, రాసే అతి చిన్న ముక్క) సైజుకి సరిగ్గా అమరాలి. 512 బైట్లు, కొన్ని డిస్కులకి 4096. అమరకపోతే సాధారణంగా ఎర్రర్ కొడుతుంది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కి ఈ ఇంటర్‌ఫేస్ అంటే అసలు గిట్టదు, ఘాటుగా తిట్టాడు కూడా. అయినా డేటాబేస్‌ల కోసం నిలిచింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటా దాచే ఇన్నోడీబీ భాగానికి ఫ్లష్ మెథడ్‌గా ఓ_డైరెక్ట్ పెట్టడం మామూలు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ దారి వేరు, అది మొదటినుంచీ కెర్నల్ పేజ్ క్యాష్ మీదే ఆధారపడుతుంది. అందుకే దాని సొంత బఫర్‌కి (షేర్డ్ బఫర్స్) ర్యామ్‌లో పావు వంతు ఇస్తే చాలని చెప్తారు, మిగతాది కెర్నల్ చూసుకుంటుందని.

తణుకు_మిల్లు
డీబీఏ గారూ, మాది మైఎస్‌క్యూఎలే. అయితే ఓ_డైరెక్ట్ పెడితే తూకాలు పోవన్నమాట. అదే నేను మొదటినుంచీ అంటున్నది, నేరుగా రాయించాలి అని.

రాజమండ్రి_రికవరీ
@తణుకు_మిల్లు ఆగండి, ఇక్కడే చాలామంది జారిపడతారు. నేరుగా రాయడం వేరు, భద్రంగా చేరడం వేరు. ఓ_డైరెక్ట్ కెర్నల్ క్యాష్‌ని దాటిస్తుంది, అంతే. హార్డ్ డిస్క్‌లో, ఎస్‌ఎస్‌డీలో సొంత క్యాష్ ఉంటుంది. డిస్క్ "తీసుకున్నా" అంటే తన ర్యామ్‌లోకి తీసుకున్నట్టు. ఆ క్షణాన కరెంటు పోతే అదీ పోతుంది. పైగా ఫైల్ సైజు, ఏ బ్లాక్ ఎక్కడుంది లాంటి వివరాలు ఓ_డైరెక్ట్‌తో వెళ్లవు, అవి ఇంకా కెర్నల్ దగ్గరే ఉంటాయి.

వశిష్ఠ_గట్టు
అంటే పంటు కోసం ఆగకుండా సొంత పడవ కట్టించుకున్నా, దిగింది ఇసక మేట మీదే. ఊరు ఇంకా దూరం.

రాజమండ్రి_రికవరీ
సరిగ్గా చెప్పారు. ఊరు చేరాలంటే ఎఫ్‌సింక్ పిలవాలి. అది డర్టీ పేజీలు దింపి, ఫైల్ వివరాలు దింపి, చివర్లో "నీ క్యాష్ కూడా ఖాళీ చెయ్" అని డిస్క్‌కి ఆజ్ఞ పంపుతుంది. ఖరీదైన సర్వర్ ఎస్‌ఎస్‌డీల్లో కెపాసిటర్లుంటాయి. కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేంత శక్తి వాటిలో ఉంటుంది. మనం షాపులో కొనే మామూలు ఎస్‌ఎస్‌డీల్లో చాలావాటికి అవి ఉండవు.

ఆచంట_మ్యాక్
మ్యాక్‌లో ఇంకో మెలిక. మామూలు ఎఫ్‌సింక్ డిస్క్ దాకా పంపుతుంది కానీ డిస్క్ క్యాష్‌ని ఖాళీ చేయించదు. ఎఫ్_ఫుల్ఎఫ్‌సింక్ అని విడిగా అడగాలి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దీనికోసమే ఒక ప్రాగ్మా (సెట్టింగ్) ఉంది.

అమలాపురం_అల్లుడు
ఇన్ని గట్లు దాటాలా ఒక్క తూకం రాయడానికి!

డీబీఏ_ఉండి
@తణుకు_మిల్లు మీ కేసుకి సూటిగా వస్తా. ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ టీఆర్ఎక్స్ కమిట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాని విలువ ఎంతుందో చూసి చెప్పండి. 1 ఉంటే ప్రతి కమిట్‌కీ (ఎంట్రీ ఖాయం చేసినప్పుడల్లా) లాగ్ (మార్పుల చిట్టా) రాసి ఎఫ్‌సింక్ చేస్తుంది. 2 ఉంటే కమిట్‌కి కెర్నల్ క్యాష్‌లో పెట్టి ఊరుకుంటుంది, ఎఫ్‌సింక్ దాదాపు సెకనుకోసారి. 0 అయితే రాయడం కూడా సెకనుకోసారే.

తణుకు_మిల్లు
చూశాను. 2 ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టినతను స్పీడ్ కోసం మార్చాడట.

డీబీఏ_ఉండి
1 పెట్టండి. అసలు డిఫాల్ట్ అదే. వే బ్రిడ్జి మీద నిమిషానికి ఒక లారీ ఎక్కినా దిగినా గొప్ప, అక్కడ స్పీడ్‌తో పనేముంది? వేలమంది ఒకేసారి కొనే వెబ్‌సైట్‌కి ఆ బేరం ఆలోచించొచ్చు, తూకానికి కాదు.

కానీ 2 వల్ల పోయేది ఒక సెకను పనే. మీకు రెండు మూడు లారీలు పోతున్నాయంటే ఇంకోటి కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రతి తూకానికీ కమిట్ చేయకుండా కొన్ని కలిపి చేస్తోందా? లేదా డిస్క్ ఫ్లష్ ఆజ్ఞని పట్టించుకోవట్లేదా?

తణుకు_మిల్లు
అతన్ని అడిగాను. షిఫ్టు లెక్క సరిచూసుకోవడానికి కొన్ని ఎంట్రీలు తెరిచి ఉంచి ఒకేసారి సేవ్ చేస్తుందట. తూకం తూకానికీ కమిట్ అయ్యేలా మార్చమన్నా, ఒప్పుకున్నాడు.

డీబీఏ_ఉండి
అదీ సంగతి. కమిట్ అవ్వని డేటాకి ఏ ఆపరేటింగ్ సిస్టమూ పూచీ ఇవ్వదు. ఇది మారాక, ఓ_డైరెక్ట్ ఉన్నా లేకపోయినా మీ తూకాలు నిలుస్తాయి. చిన్న యూపీఎస్ కూడా పెట్టండి, తుఫాను రోజుల్లో మన వైపు కరెంటు పోయి వస్తూ ఉంటుంది. ఇన్నోడీబీ పేజీ 16 కేబీ. సగం రాశాక కరెంటు పోయినా కోలుకోవడానికే డబుల్‌రైట్ బఫర్ ఉంది. స్పీడ్ అని దాన్ని ఎవరైనా ఆపేసి ఉంటే తిరిగి పెట్టించండి.

భీమవరం_బీటెక్
ఎఫ్‌సింక్ ఫెయిలైతే ఏమవుతుంది? మళ్లీ పిలిస్తే సరిపోతుందా?

కెర్నల్_కబుర్లు
@భీమవరం_బీటెక్ సరిపోదు! 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్లు దీని మీద పెద్ద చర్చే పెట్టారు. లైనక్స్‌లో రాత విఫలమై ఎఫ్‌సింక్ ఎర్రర్ ఇచ్చాక, ఆ పేజీ మీద డర్టీ గుర్తు పోయి ఉండొచ్చు. రెండోసారి ఎఫ్‌సింక్ పిలిస్తే రాయాల్సిందేమీ లేదని విజయం అని చెప్తుంది. డేటా మాత్రం డిస్క్‌లో లేదు. ఏళ్లతరబడి పోస్ట్‌గ్రెస్ మళ్లీ ప్రయత్నిస్తే చాలు అనుకుని నడిచింది. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్ ఆగిపోయి, లాగ్ నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఆలోచిస్తే ఇదే బఫర్‌కున్న అసలు చిక్కు. రాసిన ప్రోగ్రామ్ "సరే" అన్న జవాబు తీసుకుని వెళ్లిపోయాక డిస్క్ దగ్గర తప్పు జరిగితే, ఆ ఎర్రర్ ఎవరికి చెప్పాలి? ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2000లో 4.0 వచ్చేసరికి క్యాష్ ఉన్న డిస్క్ డివైస్‌లనే తీసేశారు. అక్కడ డిస్క్‌ని తెరిస్తే ఎప్పుడూ రా దారే. ఫైళ్లకి మాత్రం క్యాష్ ఉంటుంది.

అమలాపురం_అల్లుడు
లైనక్స్ కూడా అలాగే తీసేస్తే పోయేదిగా?

కెర్నల్_కబుర్లు
తీసేస్తే సెక్టార్‌కి అమరని ఏ చిన్న చదువూ, రాతా బ్లాక్ డివైస్ మీద నడవదు. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి. పైగా ఎక్స్‌ట్4 లాంటి ఫైల్ సిస్టమ్‌లు తమ లోపలి వివరాలను ఆ క్యాష్ గుండానే చదువుతాయి.

రాజమండ్రి_రికవరీ
డైరెక్ట్ దారి ఎక్కడ ప్రాణం కాపాడుతుందో మా పని నుంచి చెప్తా. పాడవుతున్న డిస్క్ నుంచి డేటా తీసేటప్పుడు జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడతాం, డ్యాష్ డీ ఆప్షన్‌తో. అది లేకపోతే కెర్నల్ మనం అడిగిన సెక్టార్‌తో పాటు చుట్టుపక్కలవి కూడా కలిపి చదవబోతుంది. ఒక సెక్టార్ పాడైతే పక్కనున్న మంచివి కూడా పోయినట్టు కనిపిస్తాయి. ముందుగా చదివిపెట్టే అలవాటు వల్ల చావబోతున్న డిస్క్ మీద అనవసరపు భారం. డైరెక్ట్‌తో అడిగిన సెక్టార్ మాత్రమే. చదివినవీ పోయినవీ మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. దయచేసి పాడైన డిస్క్‌ని మౌంట్ చేసి ఫోల్డర్లు తెరిచి చూడకండి, చాలామంది అలా తిప్పి తిప్పి చివర్లో మా దగ్గరకి తెస్తారు. ముందు మొత్తం ఇమేజ్ తీసి, ఆ ఇమేజ్ మీద వెతకాలి.

పాలకొల్లు_స్టూడియో
డర్టీ బైట్స్ పెట్టించాం, సింక్ స్క్రిప్టు కూడా. కాపీ బార్ ఇప్పుడు ఒకే వేగంతో నడుస్తోంది, అయ్యాక ఎజెక్ట్ కొద్దిసేపట్లో వదులుతోంది. 12 జీబీకి పట్టే మొత్తం సమయం ఇంచుమించు ముందులాగే ఉంది, కానీ ఎంతసేపు కూర్చోవాలో కస్టమర్‌కి కనిపిస్తోంది కాబట్టి తొందర తగ్గింది. అందరికీ ఆత్రేయపురం పూతరేకులు బాకీ.

ఇంకో అనుమానం. ఎడిటింగ్ మిషన్ విండోస్. దాంట్లో ఈ బాధ ఎప్పుడూ రాలేదు. అక్కడ బఫర్ లేదా?

వశిష్ఠ_గట్టు
ఉంది. కాకపోతే విండోస్ 10 లో 1809 వెర్షన్ నుంచి పెన్ డ్రైవులకి క్విక్ రిమూవల్ డిఫాల్ట్ అయింది, రాతలు వెనక దాచుకోకుండా పంపేస్తుంది. బెటర్ పెర్ఫార్మెన్స్ అని మారిస్తే మీ లైనక్స్ కథే అక్కడా. ప్రోగ్రామ్ రాసేవాళ్లకి లైనక్స్‌లో ఓ_డైరెక్ట్ లాగే నో బఫరింగ్ అనే జెండా, దానికి తోడు రైట్ త్రూ అనే ఇంకో జెండా ఉన్నాయి. సెక్టార్ అమరిక షరతు అక్కడా ఉంది.

అమలాపురం_అల్లుడు
పూతరేకులు బెల్లంవా పంచదారవా? బఫర్ చేయకుండా నేరుగా పంపండి.

పాలకొల్లు_స్టూడియో
బెల్లంవే. ఇంకొక్కటి అడిగి వదిలేస్తా. కాపీ అయ్యాక అసలు ఫైల్‌తో సరిచూసే పని కూడా స్క్రిప్టులో పెట్టాం. 2 జీబీ ఫైల్ సరిచూపు కన్నుమూసి తెరిచేలోపు అయిపోతోంది. పెన్ డ్రైవ్ అంత వేగంగా ఎలా చదివింది?

కెర్నల్_కబుర్లు
చదవలేదు. ఆ ఫైల్ ఇంకా పేజ్ క్యాష్‌లో ఉంది, ర్యామ్‌లోని కాపీనే అసలుతో పోల్చింది. సింక్ అయ్యాక పేజీలు శుభ్రమవుతాయి కానీ ర్యామ్‌లోంచి పోవు. కాబట్టి ఆ సరిచూపు పెన్ డ్రైవ్ గురించి ఏమీ చెప్పదు. ముందు అన్‌మౌంట్ చేసి, పెన్ డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి, అప్పుడు పోల్చండి.

రాజమండ్రి_రికవరీ
ఇది తప్పక చేయండి. సైజు అబద్ధం చెప్పే నకిలీ పెన్ డ్రైవులు బజార్లో చాలా ఉన్నాయి. 64 జీబీ అని చూపిస్తాయి, లోపల ఎనిమిదే ఉంటుంది. రాసేటప్పుడు ఎర్రర్ రాదు, తిరిగి చదివితేనే బయటపడుతుంది. కస్టమర్ కొత్తగా కొన్నది తెస్తే ముందు ఎఫ్3 అనే టూల్‌తో పరీక్షించండి. ఎఫ్3 రైట్ డ్రైవ్ నిండా ఫైళ్లు రాస్తుంది, ఎఫ్3 రీడ్ వాటిని చదివి ఎంత నిలిచిందో చెప్తుంది. రెంటికీ మధ్య డ్రైవ్ తీసి మళ్లీ పెట్టండి.

పాలకొల్లు_స్టూడియో
ఆచంట పెళ్లివారి పెన్ డ్రైవ్ ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడే ఎఫ్3 పెట్టిస్తున్నా, ఫలితం ఇక్కడే వేస్తా.

భీమవరం_బీటెక్
నేను కూడా ఐఫ్లాగ్ డైరెక్ట్‌తో మళ్లీ చదివి చూశాను. రెండుసార్లూ ఇంచుమించు ఒకటే వేగం, నూట చిల్లర ఎంబీలు. బ్లాక్ సైజు 512 బైట్లు ఇస్తే మాత్రం బాగా పడిపోయింది, 4 ఎంబీ ఇస్తే మళ్లీ లేచింది.

డీబీఏ_ఉండి
@భీమవరం_బీటెక్ ముందుగా చదివిపెట్టడం డైరెక్ట్‌లో ఉండదు కాబట్టి ప్రతి 512 బైట్లకీ డిస్క్ దాకా వెళ్లి రావాలి. దాన్ని ప్రోగ్రామే పెద్ద ముక్కలతో, లేదా ఒకేసారి చాలా అడుగుతూ పూడ్చుకోవాలి. లైనక్స్‌లో అలా ఒకేసారి చాలా అడిగే పద్ధతి ఐవో యూరింగ్ గురించి చదువు, తర్వాతి ల్యాబుకి పనికొస్తుంది.